గుండె జబ్బు అన్నాక ముందు ఏ పరీక్ష, ఎప్పుడు మందు: కుక్కకి, పిల్లికి, గేదెకి

మా పండు పొమేరియన్. 12వ ఏడులో ఉండగా టీకా కోసం తీసుకెళ్తే డాక్టరుగారు దాని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఎంతకీ తీయలేదు. తర్వాత "గుండెలో మర్మర్ వినిపిస్తోందమ్మా" అన్నారు. చేతిలో పెట్టిన చీటీ మీద ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్), రక్త పరీక్ష అన్నీ ఉన్నాయి. ఏది ముందు చేయించాలి, ఏది ఆగొచ్చు, అసలు అన్నీ కావాలా అని అడగాలని కూడా ఆ టెన్షన్‌లో తోచలేదు. అంతకుముందు రెండు నెలలు ఇంకో చోట దానికి దగ్గు మందు మాత్రమే పోశారు. ఛాతీ మీద స్టెతస్కోపు ఒక్కసారి కూడా పెట్టలేదు. ఆ రెండు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

ఆ తర్వాత పండు మాతో మరో రెండున్నరేళ్లు ఉంది. ఈలోపు పక్కింటి వాళ్ల పిల్లికీ, ఊళ్లో మా తమ్ముడి గేదెకీ కూడా గుండె దగ్గర సమస్యలే వచ్చాయి. అప్పుడర్థమైంది, పండు విషయంలో మాకు పనికొచ్చిన సలహా ఆ ఇద్దరికీ పనికిరాదని. చీటీ చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

## ముందు గుండె గురించి రెండు మాటలు

కుక్కైనా, ఆవైనా, కోడైనా గుండెకి నాలుగు గదులే. కుడివైపు గదులు ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకి పంపుతాయి. ఎడమవైపు గదులు అక్కడ శుభ్రపడిన రక్తాన్ని ఒంటికి తోస్తాయి. గదుల మధ్య వాల్వులు తలుపుల్లాంటివి, ఒకవైపే తెరుచుకోవాలి. తలుపు సరిగ్గా పడకపోతే రక్తం వెనక్కి చిమ్ముతుంది. లబ్ డబ్ మధ్యలో వినిపించే ఆ 'సుయ్' చప్పుడే మర్మర్.

ఎడమవైపు అలిసిపోతే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, అంటే ఆయాసం. కుడివైపు అలిసిపోయినా, గుండెని బయటినుంచి ఏదైనా నొక్కినా మెడ దగ్గర రక్తనాళం ఉబ్బుతుంది. కుక్కకి పొట్టలో నీరు చేరుతుంది, పశువుకి ముందుకాళ్ల మధ్య రొమ్ము వాస్తుంది. ఇది గుర్తుపెట్టుకుంటే మీ జంతువులో ఏం చూడాలో సగం తెలిసినట్టే.

నాడి వేగాన్ని మన లెక్కతో పోల్చి కంగారు పడొద్దు. ఊరికే ఉన్నప్పుడు గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఆవుది సుమారు 60 నుంచి 80 సార్లు కొట్టుకుంటుంది. కుక్కకి 60 నుంచి 140 దాకా మామూలే, చిన్న జాతులకి ఇంకాస్త ఎక్కువ. పిల్లికి 140 నుంచి 220.

## ఏది చూసుకుని ఎంచుకోవాలి

డబ్బు సంగతి మొదట మనసులోకి వస్తుంది, తప్పేం లేదు. కానీ నేను దాన్ని మూడో ప్రశ్నగా పెట్టుకుంటాను. మొదటి ప్రశ్న: ఈ పరీక్ష ఫలితం ఎలా వచ్చినా ఇచ్చే మందు ఒకటేనా, లేక మారుతుందా? మారదంటే ఆ పరీక్ష ఇవాళే చేయించక్కర్లేదు. ఈ ఒక్క మాట డాక్టరుని నేరుగా అడగండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు.

రెండోది, ఇప్పుడు ఈ జంతువు ఆ పరీక్షని తట్టుకోగలదా? నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటున్న పిల్లిని ఎక్స్‌రే బల్ల మీద తిప్పి పడుకోబెడితే ప్రాణమే పోవచ్చు. దానికి ముందు ఆక్సిజన్ కావాలి, ఫోటో తర్వాత. ఆ తర్వాతే ఖర్చు, దగ్గర్లో దొరకడం లాంటివి.

## పరీక్షలు ఒక్కొక్కటిగా

ఇంట్లో ఊపిరి లెక్క. పైసా ఖర్చు లేదు. చీటీ మీద ఎవరూ రాయరు కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముందుది ఇదే. కుక్కో పిల్లో గాఢంగా నిద్రపోతున్నప్పుడు డొక్క పైకి లేచి కిందికి దిగితే ఒకటి. ఫోన్‌లో 30 సెకన్లు పెట్టుకుని లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉంటే నిశ్చింత. రోజూ 20 వచ్చేది రెండు మూడు సార్లు చూసినా 30 దాటుతుంటే డాక్టరుకి ఫోన్ చేయాలి. 40 దాటి, పొట్ట కూడా ఎగిరెగిరి పడుతుంటే, చిగుళ్లు నీలంగా మారితే తెల్లారేదాకా ఆగొద్దు.

మొదట్లో పండు లెక్క రోజుకో రకంగా వచ్చేది. ఫ్యాను గాలికి దాని బొచ్చు కదులుతుంటే నేను ఊపిరి అనుకుని లెక్కపెట్టేదాన్ని. తర్వాత ఫ్యాను ఆపి, చేయి వేయకుండా, పక్కన కింద కూర్చుని డొక్క వెనక అంచునే చూడటం నేర్చుకున్నాను. కలలో కాళ్లు కొట్టుకునేటప్పుడు లెక్కపెట్టకూడదు. వంటింటి కేలండర్‌లో ప్రతి తేదీ కిందా ఓ అంకె: 18, 20, 19, 22. ఒక రాత్రి 34 వచ్చింది. గంటాగి చూస్తే 38. మామూలుగా తిరుగుతోంది, తింది కూడా. కేలండర్ లేకపోతే ఆ రాత్రి పడుకునేవాళ్లం. వెళ్తే ఊపిరితిత్తుల్లో నీరు మొదలైందన్నారు.

ఎక్స్‌రే. ఊపిరితిత్తుల్లో నీరుందా అన్నదానికి దీని జవాబు బాగుంటుంది. గుండె ఎంత పెరిగిందో కూడా వెన్నుపూసల లెక్కన కొలుస్తారు. చాలా జాతుల్లో 10.5 పూసలు దాటితే పెరిగినట్టే అనుకుంటారు. పొమేరియన్ లాంటి చిన్న కుక్కలకి ఇంకో లాభం కూడా ఉంది. వీటిలో గాలిగొట్టం మెత్తబడి అణిగిపోవడం కూడా మామూలే. అప్పుడు బాతు అరిచినట్టు దగ్గుతాయి. మర్మర్ ఉంది కాబట్టి దగ్గు గుండెదే అనుకుంటే పొరపాటు పడొచ్చు. నిద్రలో ఊపిరి 20 దగ్గరే ఉండి, పట్టీ లాగినప్పుడో ఉత్సాహంలోనో మాత్రమే దగ్గొస్తుంటే గొట్టాన్ని కూడా అనుమానించాలి. నీళ్లు పోయే మాత్ర ఆ దగ్గుకి మందు కాదు.

ఎకో. వాల్వు ఎలా మూసుకుంటోంది, గోడలు ఎంత మందం, ఎడమ పై గది ఎంత సాగింది అన్నీ కళ్లకి కనిపిస్తాయి. సాధారణంగా మత్తు అక్కర్లేదు. కానీ చేసే మనిషికి అనుభవం ఉండాలి. కడుపు స్కానింగ్ చేసే ప్రతి చోటా గుండె కొలతలు సరిగ్గా వస్తాయనుకోవద్దు. రిపోర్టులో రెండు అంకెలు అడిగి రాయించుకోండి: ఎడమ పై గదికి, బృహద్ధమనికి ఉన్న నిష్పత్తి ఒకటి, బరువుని బట్టి సరిచేసిన ఎడమ కింది గది కొలత ఇంకొకటి. వాల్వు జబ్బున్న చిన్న కుక్కకి మొదటిది 1.6కి, రెండోది 1.7కి చేరితే మందు మొదలుపెట్టే దశ వచ్చినట్టు లెక్క.

ఈసీజీ. ఇది లయ మాత్రమే చెబుతుంది. గుండె పెరిగిందా, నీరు చేరిందా అన్నవాటికి దీన్ని నమ్ముకోలేం. కుక్క ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతే, డాక్టరుకి చప్పుడు వరుస తప్పినట్టు వినిపిస్తే తప్పకుండా కావాలి. డోబర్‌మాన్ సంగతి వేరు. ఎకో బాగానే ఉన్నా లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోయే జాతి అది. రెండు నిమిషాల ఈసీజీలో దొరకనిది 24 గంటలు ఒంటికి కట్టే హోల్టర్‌లో దొరుకుతుంది.

రక్త పరీక్షలు. గుండె గోడలు సాగినప్పుడు పెరిగే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష ఉంది. ఆయాసం గుండెదా, ఊపిరితిత్తులదా తేలనప్పుడు సాయం చేస్తుంది. అన్ని ల్యాబుల్లో దొరకదు. కిడ్నీ పరీక్ష మాత్రం వేరే లెక్క. నీళ్లు పోయే మాత్ర మొదలుపెట్టే ముందూ, వారం రెండు వారాల తర్వాతా అది తప్పదు. దాంట్లో పొదుపు చేయకండి.

| పరీక్ష | బాగా చెప్పేది | చెప్పలేనిది | ఎవరికి ముందు |
|---|---|---|---|
| ఊపిరి లెక్క | నీరు చేరడం మొదలైందా | ఏ జబ్బో | ప్రతి కుక్కకి, పిల్లికి |
| ఎక్స్‌రే | ఊపిరితిత్తుల్లో నీరు, గుండె సైజు, గాలిగొట్టం | గోడ మందం, లయ | దగ్గు, ఆయాసం ఉన్న కుక్కకి |
| ఎకో | వాల్వు, గదులు, గోడలు | రోజంతటి లయ | ఆయాసం లేని మర్మర్ కుక్కకి, పిల్లికి |
| ఈసీజీ, హోల్టర్ | లయ | సైజు, నీరు | పడిపోయే కుక్కకి, డోబర్‌మాన్‌కి |
| రక్త పరీక్ష | ఆయాసం గుండెదా కాదా, కిడ్నీల స్థితి | ఏ వాల్వు, ఎంత పాడైంది | మందు మొదలుపెట్టే ముందు |

## కుక్క: మందు ఇప్పుడా, తర్వాతా

20 కిలోల లోపు కుక్కల్లో వయసు మీరాక వచ్చేది ఎక్కువగా ఎడమ వాల్వు అరగడమే. పొమేరియన్, డాష్‌హండ్, షిట్జు ఇళ్లల్లో ఇది మామూలు మాట. పెద్ద జాతుల్లో, ముఖ్యంగా డోబర్‌మాన్, గ్రేట్ డేన్‌లలో గుండె కండరమే పలుచబడి సాగిపోతుంది.

వాల్వు జబ్బుకి డాక్టర్లు ఏ, బీ1, బీ2, సీ, డీ అని దశలు పెట్టుకున్నారు. బీ1 అంటే మర్మర్ ఉంది, గుండె పెద్దగా పెరగలేదు. ఈ దశలో మందు వల్ల లాభం ఉందని తేలలేదు. ఏమీ ఇవ్వకుండా చూస్తూ ఉండటమే ఇక్కడ వైద్యం. ఇంటివాళ్లకి అది కష్టంగానే ఉంటుంది, నాకూ ఉండేది. జబ్బు అన్నారు, మాత్ర రాయలేదు అంటే నిర్లక్ష్యం చేసినట్టనిపిస్తుంది. కానీ ఆరు నెలలకో ఏడాదికో ఎకో, రోజూ ఊపిరి లెక్క సరిపోతాయి.

బీ2లో గుండె పెరిగింది, ఆయాసం ఇంకా రాలేదు. ఇక్కడ పిమోబెండాన్ మాత్రకి గట్టి ఆధారముంది. 2016లో వెలువడిన ఎపిక్ పరిశోధనలో 360 కుక్కలని చూశారు. మాత్ర వేసుకున్న వాటికి గుండె వైఫల్యమో గుండె వల్ల మరణమో రావడానికి మధ్యస్థంగా 1228 రోజులు పట్టింది, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వాటికి 766 రోజులు. అంటే దాదాపు 15 నెలల తేడా. ఎకో ఖర్చు ఇక్కడే గిట్టుబాటవుతుంది, ఎందుకంటే బీ1కీ బీ2కీ తేడా స్టెతస్కోపుతో ఖాయంగా చెప్పలేరు. మాత్ర పొద్దున, రాత్రి, తిండికి గంట ముందు వేయాలి. రోజూ రెండు పూటలా, బతికినంతకాలం. నెలనెలా కొనగలమా అన్నది మొదలుపెట్టే ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

సీ దశలో ఊపిరితిత్తుల్లో నీరు చేరిపోయింది. అప్పుడు లాసిక్స్ లాంటి నీళ్లు పోయే మందు, పిమోబెండాన్‌తో పాటు మరో ఒకటి రెండు కలుస్తాయి. ఇక్కడ ప్రతి మాత్రా గుండెకీ కిడ్నీకీ మధ్య బేరమే. నీరు ఎక్కువ లాగితే కిడ్నీలు ఎండుతాయి, తక్కువ లాగితే ఊపిరాడదు. అందుకే తక్కువ డోసుతో ఊపిరి 30 లోపు నిలబెట్టడమే లక్ష్యం. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఒంటికేలు ఎక్కువైందని నీళ్లు తగ్గించిన వాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. అప్పడాలు, చిప్స్, పచ్చడి కలిపిన అన్నం మానేయాలి.

మర్మర్ ఒక్కటే విని లాసిక్స్ మొదలుపెడదామంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఊపిరి లెక్కో, ఎక్స్‌రేనో నీరుందని చెప్పాలి. వాల్వుని ఆపరేషన్‌తో సరిచేసే బృందాలు జపాన్‌లో ఉన్నాయి. మనలో ఎక్కువమందికి అది అందే దారి కాదు.

## పిల్లి: కుక్క లెక్క పనిచేయదు

పిల్లిలో ఎక్కువగా వచ్చేది గోడలు మందమయ్యే జబ్బు. మందం లోపలివైపు పెరుగుతుంది కాబట్టి ఎక్స్‌రేలో గుండె మామూలుగానే కనిపించొచ్చు. మర్మర్ ఉన్న పిల్లికి జబ్బు లేకపోవచ్చు, జబ్బున్న పిల్లికి మర్మర్ లేకపోవచ్చు. కాబట్టి ఒక్క పరీక్షకే డబ్బుంటే ఎకోకే పెట్టండి. గోడ 6 మిల్లీమీటర్లకి చేరితే జబ్బు కిందే చూస్తారు. ముసలి పిల్లి అయితే బీపీ, థైరాయిడ్ కూడా చూడాలి, ఎందుకంటే అవి పెరిగినా గోడలు మందమవుతాయి. మెయిన్ కూన్, రాగ్‌డాల్ కొనేవాళ్లు తల్లిదండ్రులకి ఎకో చేశారా అని అడగాలి.

పక్కింటి పిల్లి ఒక పొద్దున వెనక కాళ్లు ఈడ్చుకుంటూ భయంకరంగా అరిచింది. పైనుంచి దూకి నడుం విరిగిందనుకున్నారు. కాళ్లు తాకితే చల్లగా ఉన్నాయి. అదే గుర్తు. గుండెలో గడ్డకట్టిన రక్తం వచ్చి వెనక కాళ్ల రక్తనాళం మొదట్లో అడ్డుపడింది. ఎడమ పై గది బాగా సాగిన పిల్లికి గడ్డ కట్టకుండా క్లోపిడోగ్రెల్ ముందే ఇస్తారు. కుక్క కోసం తెచ్చిన గుండె మాత్రలు పిల్లికి సొంతంగా వేయొద్దు. నొప్పని పారాసెటమాల్ అసలే వద్దు, పిల్లికది విషం.

తిండి గురించి కూడా చెప్పాలి. పిల్లి తనకి కావలసినంత టారిన్ తయారుచేసుకోలేదు, అది మాంసం, చేపల నుంచే రావాలి. టారిన్ లేక పిల్లుల గుండె సాగిపోతుందని 1987లో బయటపడింది. మన ఇళ్లల్లో పాలన్నం, పెరుగన్నంతో పెరిగే పిల్లులెన్నో. ఇంట్లో నీచు వండని వాళ్లు టారిన్ కలిపిన పిల్లి ఆహారం కొనక తప్పదు. సమయానికి తెలిస్తే ఈ ఒక్క జబ్బు తిండితో చాలావరకు వెనక్కి తగ్గుతుంది.

## గేదె, ఆవు: ఇక్కడ రోజుల లెక్క

పశువుల్లో రైతుని ముంచే గుండె సమస్య చాలాసార్లు గుండెలో పుట్టదు, మేతలో వస్తుంది. గేదె మేతని ఏరుకుని తినదు. కట్టుడు తీగ ముక్కో, ఇనప మేకు లాంటిదో గడ్డితో పాటు మింగేస్తుంది. అది తేనెపట్టులా గళ్లుండే రెండో పొట్టలో ఆగుతుంది. ఆ పొట్టకీ గుండెకీ మధ్య ఉన్నది ఒక పలుచటి కండరపు పొర. చూడి పెరిగినప్పుడు, ఈనేటప్పుడు కడుపు నొక్కుకుని తీగ ముందుకి గుచ్చుకుంటుంది. గుండె సంచిలో చీము పడుతుంది.

మా తమ్ముడి గేదె ఏడో నెల చూడి. మేత తగ్గించింది, నెమరు ఆపింది, మోచేతులు బయటికి పెట్టి నిలబడేది, పల్లం దిగనంది. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేస్తే బండి వచ్చింది. డాక్టరుగారు మూపురం దగ్గర చర్మం గట్టిగా పట్టి పిండారు. మామూలు పశువైతే వీపు కిందికి వంచుతుంది. ఇది వంచలేదు, మూలిగింది.

ముందున్న దారులు ఇవి. సూదులు వేసి కొన్నాళ్లు చూడటం, అయస్కాంతం మింగించడం, పొట్ట కోసి తీగ తీయడం, అమ్మేయడం. ఎంచుకోవడానికి పనికొచ్చే గుర్తు మెడ రక్తనాళం. అది ఉబ్బకపోతే, రొమ్ము కింద వాపు లేకపోతే జబ్బు ఇంకా పొట్ట దగ్గరే ఉండొచ్చు, ఆపరేషన్‌కి అర్థముంది. తాడులా ఉబ్బి, గుండె చప్పుడు దూరంగానో, నీళ్లు తొణికినట్టో వినిపిస్తే సంచిలో చీము పడినట్టే. అప్పుడు కోసినా దక్కడం అరుదు. ఆ మాట మొహం మీద చెప్పే డాక్టరు మీ డబ్బు కాపాడుతున్నారు. దవడ కింద వాపు కార్జపు జలగల వల్ల కూడా వస్తుంది కానీ దాంట్లో మెడ రక్తనాళం ఉబ్బదు, కంటి పొరలు తెల్లగా పాలిపోతాయి.

అయస్కాంతం చవక, తేలిక. వదులుగా ఉన్న ఇనుముని పట్టుకుంటుంది. పొరలోంచి దూసుకుపోయిన తీగని వెనక్కి లాగుతుందని నమ్ముకోవద్దు. రాగి, అల్యూమినియం దానికి అంటవు. మెటల్ డిటెక్టర్ కూడా ఇనుముందనే చెబుతుంది, గుచ్చుకుందని చెప్పదు. ఆ తేడా స్కానింగ్‌లోనో ఎక్స్‌రేలోనో తేలుతుంది. గేదెల్లో పొట్టకీ గుండెకీ మధ్య ఉండే ఆ కండరపు పొర చిరిగి పొట్ట ఛాతీలోకి జారడం కూడా తరచూ చూస్తారు కాబట్టి వీలైతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి లాంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలకి తీసుకెళ్లడం మంచిది.

చూడి గేదెని కోయించాలంటే తమ్ముడు రెండు రోజులు తటపటాయించాడు. ఆపరేషన్ నిలబెట్టే చేస్తారని, ఎడమ డొక్క మొద్దుబారే సూదులిస్తారని తెలిశాక ఒప్పుకున్నాడు. డాక్టరు చేయి భుజం దాకా లోపలికి వెళ్లి, వేలెడు పొడవు తీగతో బయటికొచ్చింది. ఒక కొన తుప్పుపట్టి నల్లగా, గుచ్చుకున్న కొన నున్నగా మెరుస్తోంది. గేదె నెలలు నిండి ఈనింది. అదే వీధిలో ఇంకో గేదెకి మెడ ఉబ్బేదాకా దిష్టి తీస్తూ ఆగారు, అది దక్కలేదు.

దూడల్లో గాలికుంటు వైరస్ నేరుగా గుండె కండరాన్ని తినేస్తుంది. పుండ్లు కూడా కనపడకముందే పాలు తాగుతూ తాగుతూ పడిపోతాయి. అక్కడ పరీక్షలు ఎంచుకునే వ్యవధి ఉండదు. ఆరు నెలలకోసారి మందకి టీకా వేయించాలి, అంతే.

ఇప్పుడు తమ్ముడు చాఫ్ కట్టర్ నోటి దగ్గర పాత స్పీకర్ అయస్కాంతం బిగించాడు. వారానికోసారి తుడిచి చూస్తాడు. పోయిన నెల దానికి రెండు మేకులు, ఒక తీగ ముక్క అంటుకుని ఉన్నాయి. ఏడాది దాటిన పడ్డలకి డాక్టరు చేత అయస్కాంతం మింగించాడు. అది లోపల ఉందో లేదో చూడటానికి ఎడమ మోచేతి వెనక చిన్న దిక్సూచి పెడతాడు. ముల్లు గిర్రున తిరిగితే ఉన్నట్టు.